రేగొండ చెలకలో లేచిన పొగ

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. నమ్మితే నా ఉద్యోగం నడవదు. హెలికాప్టర్‌లో కూర్చున్నాక ఇంధనం ఎంతుందో ఒక ముల్లు చెబుతుంది, ఎంత ఎత్తులో ఉన్నామో ఇంకో ముల్లు చెబుతుంది. నా మనసు ఏం చెబుతోందని ఎవరూ అడగరు. చిన్నప్పుడు మా తండాలో ఎవరికైనా గాలి సోకిందని వేపమండలతో కొడుతుంటే, పక్కన నిలబడి జ్వరం గోళీ వెయ్యమని చెప్పి తిట్లు తిన్నదాన్ని నేను.

అందుకే ఈ సంగతి ఇన్నేళ్లూ ఎక్కడా రాయలేదు. ఇప్పుడు కూడా జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే. అర్థం మాత్రం నన్ను అడగొద్దు.

మాది కొత్తగూడ దగ్గర అడవి అంచున ఉన్న లంబాడీ తండా. నాన్న డోర్నకల్‌లో రైల్వే గ్యాంగ్‌మన్. నా చదువంతా అక్కడే, రైళ్ల చప్పుడులోనే సాగింది. హెలికాప్టర్ నడపడం నేర్పే చోట ఒక సీటుందని, గిరిజన విద్యార్థులకు ప్రభుత్వం ఫీజు కడుతుందని కాలేజీలో మాస్టారు చెబితే దరఖాస్తు పెట్టాను. వస్తుందని అనుకోలేదు. వచ్చింది.

శిక్షణ పక్క రాష్ట్రంలో. విమానం నడిపేవాళ్లు మమ్మల్ని చూసి జాలిపడేవాళ్లు. విమానాన్ని కాసేపు వదిలేసినా తన దారిన తాను పోతుంది. హెలికాప్టర్‌ను ఒక్క క్షణం వదిలితే అలిగిన చంటిపిల్లలా ఏదో ఒక పక్కకు ఒరిగిపోతుంది. రెండు చేతులకూ రెండు కాళ్లకూ ఎప్పుడూ పనే. మొదటి నెల రోజులూ రాత్రి పడుకుంటే కాళ్లు వాటంతట అవే కదిలేవి.

లైసెన్స్ చేతికొచ్చింది కానీ ఉద్యోగం రాలేదు. దేశంలో పైలట్లు దొరకడం లేదని పేపర్లలో రోజూ వార్తలే. వెళ్లి అడిగితే మాత్రం ఎన్ని గంటలు నడిపావనేవాళ్లు. నడపనిస్తే కదా గంటలు వచ్చేది! మనుషులు లేరంటూనే ఉన్న మనిషిని వాకిట్లోంచే పంపేసేవాళ్లు. చివరికి జనగామలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పడానికి చేరాను. 'హెలికాప్టర్ టీచర్' అని పిల్లలు వెనకాల నవ్వేవాళ్లు. నాకూ నవ్వొచ్చేది, కాకపోతే కొంచెం ఏడుపు కలిసి వచ్చేది.

అవి తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులు. బడి నడిచిన రోజులకన్నా బంద్ రోజులే ఎక్కువ. మా తమ్ముడు చదువు పక్కనపెట్టి ఉద్యమంలోనే ఉండేవాడు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుకు తినే వంటావార్పు ఎక్కడ జరిగినా గరిటె వాడి చేతిలోనే ఉండేది.

ఆ సెలవుల్లోనే ఒకసారి తండాకు వెళ్లాను. మా నాయనమ్మను దాది అంటాం. ఆమె పక్కన కూర్చోబెట్టుకుని నేను నేర్చుకొచ్చిన పని సంగతంతా అడిగింది. ఇంట్లో మేం లంబాడీలోనే మాట్లాడుకుంటాం, ఆమె మాటలు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"పైన దారి ఉండదు, తొవ్వ చెప్పే మనిషి ఉండడు. ఏ దిక్కుకెల్లి దిగాల్నో ఎట్ల ఎరుక?" అని అడిగింది.

గాలికి ఎదురుగా దిగాలని, కొత్త చోటైతే కింద పచ్చి గడ్డి కాల్చి పొగ పెడతారని, పొగ ఎటు వాలితే గాలి అటు పోతున్నట్టని చెప్పాను. ఆమె ఆశ్చర్యపడుతుందనుకున్నాను. ఏమీ పడలేదు. తెలిసిన సంగతే మళ్లీ విన్నట్టు తలూపి, "మంచిగనే నేర్పిండ్రు" అంది.

కొన్ని నెలలకు హైదరాబాద్‌లోని ఒక చిన్న సంస్థ నుంచి ఫోన్ వచ్చింది. వాళ్ల సీనియర్ పైలట్లు సముద్రంలోని చమురు బావుల పనికి వెళ్లిపోయారు. కో-పైలట్ సీట్లో కూర్చోవడానికి మనిషి లేక పాత దరఖాస్తులన్నీ వెతికి నన్ను పట్టుకున్నారు. బయల్దేరే రోజు దాది భోగ్ పెట్టింది. నిప్పుల మీద నెయ్యి, బెల్లం కలిపిన అన్నం వేసి మా పెద్దలకు సమర్పించడం అది. కాలే నెయ్యి, మాడే బెల్లం కలిసిన ఆ వాసన మా ఇళ్లల్లో పుట్టినవాళ్లెవరికైనా నిద్రలో కూడా తెలుస్తుంది.

సంస్థలో నన్ను పరీక్ష మీద పెట్టుకున్నారు. పనికొస్తానో లేదో తేల్చాల్సింది మా కెప్టెన్. కాకినాడ మనిషి, సైన్యంలో చేసి వచ్చినవాడు. పేరు మూర్తి అనుకోండి. మంచివాడే కానీ నా భాషను వదిలిపెట్టేవాడు కాదు.

"ఏమ్మా శారదా, ఇవాళ గిట్ల పోదామా, గట్ల పోదామా?" అనేవాడు.

"ఎట్లయినా పోదం సార్, మీరు జర గమ్మున కూసుంటే" అనేదాన్ని. ఆయన గట్టిగా నవ్వేవాడు. నేను నవ్వేదాన్ని కాదు. సినిమాల్లో మా మాటను జోకర్లకు పెట్టి నవ్వించినన్ని రోజులు చాలవా అనిపించేది.

ఆ రోజు భూపాలపల్లికి వెళ్లాలి. అక్కడి బొగ్గు గనుల పని మీద కొందరు ఇంజనీర్లను దింపాలి. అన్ని దారుల్లోనూ రాస్తారోకో కాబట్టే వాళ్లు హెలికాప్టర్ మాట్లాడుకున్నారు. జనగామ దగ్గర రోడ్డు మీద కూర్చున్నవాళ్లలో మా తమ్ముడూ ఉన్నాడు. పొద్దున ఫోన్ చేసి, "కింద మేం తొవ్వ బంద్ వెడితే, మీద నువ్వు తోలుకపోతున్నవా అక్కా?" అన్నాడు. సగం నవ్వుతూ, సగం కోపంగా. ఆ ఉద్యోగం కోసం ఎంతగా ఎదురుచూశానో వాడికి తెలుసు కాబట్టి వాడే ఫోన్ పెట్టేశాడు.

బయల్దేరే ముందు కెప్టెన్ చెప్పాడు. "ఇవాళ దింపడం నువ్వే. బాగా దింపితే సాయంత్రం నీ సంగతి ఆఫీసులో చెప్పేస్తాను. లేదంటే అదీ చెప్పేస్తాను."

భూపాలపల్లిలో మేం దిగాల్సిన మైదానం నిండా మీటింగు జనం. అందుకని రేగొండ దగ్గర ఒక బీడు చెలక, అంటే ఖాళీగా పడున్న మెట్టచేను, చూశారు. మా సంస్థ మనిషి ముందు రోజే అక్కడికి చేరాడు. ఆ రోజు మధ్యాహ్నం మేం బయల్దేరబోతుంటే ఫోన్లో, "జాగ సాఫ్ జేసిన మేడం. గాలి పడమటికెల్లి వస్తుంది" అన్నాడు. వానకు గడ్డి నాని అంటుకోవడం లేదని, పొగ పెట్టలేకపోయానని, వెదురుకు ఎర్రగుడ్డ కట్టానని కూడా చెప్పాడు.

గాలి పడమటి నుంచి వస్తోందంటే మేం తూర్పు వైపు నుంచి, పడమరకు ముఖం పెట్టి దిగాలి. అలాగే వచ్చాను. మబ్బు పట్టి ఉంది కానీ చూపు బాగానే ఆనుతోంది. చెలక కనిపించింది, మధ్యలో సున్నంతో వేసిన గుర్తు కనిపించింది. గుడ్డ మాత్రం అంత ఎత్తు నుంచి కనిపించలేదు.

అప్పుడు పొగ చూశాను. చెలక మూలలో సన్నగా, తెల్లగా లేచి పడమటి వైపుకు వాలి ఉంది. అంటే గాలి తూర్పు నుంచి వస్తోంది. మా వెనక నుంచి.

మా వాడు గడ్డి అంటించగలిగాడనుకున్నాను. గాలి మారిందనుకున్నాను. అంతకుమించి ఏమీ అనుకోలేదు. దిగుతున్నదాన్ని ఆపి, ఎడమ చేతి లివర్ పైకి లాగి మళ్లీ పైకి లేపాను.

"ఏమైంది?" అన్నాడు కెప్టెన్.

"పొగ సార్. గాలి వెనక నుంచి ఉంది."

ఆయన కిందికి చూశాడు. "సరే, దింపేది నువ్వే కదా" అన్నాడు. చుట్టు తిరిగి పడమటి వైపు నుంచి వస్తున్నప్పుడు లోపలికి ఒక వాసన వచ్చింది. కాలిన నెయ్యి, మాడిన బెల్లం. వంటావార్పు అనుకున్నాను. నిజంగా అదే అనుకున్నాను.

దిగడం ఏమాత్రం బాగా లేదు. నేల దగ్గర హెలికాప్టర్ ఒక్కసారిగా కుంగింది. ఉన్న శక్తంతా పెట్టి ఆపినా గట్టిగానే తగిలాం. వెనక ఎవరో దేవుణ్ని తలుచుకున్నారు. రెక్కలు ఆగాక చూస్తే వెదురు మీద ఎర్రగుడ్డ టపటపా కొట్టుకుంటోంది. అది తూర్పు వైపుకు ఎగురుతోంది. గాలి పడమటి నుంచే ఉంది. మా మనిషి చెప్పిందే నిజం. నేను గాలిని వీపున పెట్టుకుని దిగాను. శిక్షణలో మొదటి వారం నేర్చిన పిల్ల కూడా ఆ తప్పు చెయ్యదు.

ఇంజనీర్లు దిగి జీపెక్కి వెళ్లిపోయారు. కెప్టెన్ ముఖం ఎర్రబడింది. "పొగా? ఏదమ్మా పొగ? నేనూ చూశాను కదా, చెలకంతా బోడిగా ఉంది" అన్నాడు. నేను మూల దాకా నడిచి చూశాను. తడి గడ్డి, రాళ్లు. బూడిద లేదు, నిప్పు లేదు. మా మనిషిని అడిగితే, తాను పొద్దటి నుంచి అక్కడే ఉన్నానని, ఎవ్వరూ ఏదీ కాల్చలేదని ఒట్టేశాడు. ఆ చుట్టుపక్కల ఆ రోజు వంటావార్పు కూడా లేదు. నా ఉద్యోగం అక్కడితో అయిపోయిందని అర్థమైంది. జనగామ బడి, నల్లబల్ల, పిల్లల నవ్వులు కళ్ల ముందు కదిలాయి.

అప్పుడే తూర్పు గట్టు మీద నుంచి ఒక రైతు అరుచుకుంటూ వచ్చాడు. దుమ్ము లేపామని తిడుతున్నాడేమో అనుకున్నాం. ఆయన తిట్టడం లేదు, రెండు చేతులూ అడ్డంగా ఊపుతున్నాడు.

"గటు పోకుండ్రి సారూ, వైరున్నది! కరెంటొచ్చిందని మోటరుకు గిప్పుడే గుంజిన. మీరు గా దిక్కుకెల్లి వస్తరని నాకేమెరుక?"

అప్పట్లో పొలాలకు కరెంటు ఎప్పుడొస్తే అప్పుడే. వచ్చిందనగానే ఉన్న పని వదిలేసి మోటారు దగ్గరికి పరుగెత్తాలి. ఆయన రోడ్డు పక్క స్తంభానికి కొండీ తగిలించి, ఒక తుమ్మచెట్టు కొమ్మ మీదుగా అవతలి బావి దాకా సన్నటి తీగ లాగాడు. మా మనిషి ఫోన్ చేసినప్పుడు అది లేదు. గట్టు మీద నిలబడి చూసినా మబ్బులో ఆ తీగ కంటికి ఆనడం లేదు. నేను మొదట వచ్చిన దారికి సరిగ్గా అడ్డంగా ఉంది. అలాగే దిగి ఉంటే రెక్కలు దానికి చుట్టుకునేవి. హెలికాప్టర్ వాళ్లకు తీగ అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

కెప్టెన్ ఆ తీగ కింద చాలాసేపు నిలబడ్డాడు. తిరిగొచ్చి నా పక్కన గట్టు మీద కూర్చున్నాడు.

"పొగ నాకు కనిపించలేదు. అది ఖాయం. కానీ రెండోసారి వస్తున్నప్పుడు నెయ్యి మాడిన వాసన వేసింది. భోజనం చెయ్యలేదు కదా, ఆకలికి అలా అనిపించిందనుకున్నా" అన్నాడు. అప్పటికి వాసన సంగతి నేను ఆయనకు చెప్పలేదు. ఆ తర్వాత కూడా చాలాకాలం చెప్పలేదు.

సాయంత్రం ఆఫీసులో ఆయన ఏం చెప్పాడో నాకు తెలియదు. మర్నాడు నన్ను పర్మనెంట్ చేశారు. ఆ రోజు నుంచి కెప్టెన్ నా భాష మీద జోకులు మానేశాడు. అదొక వింత, కానీ దానికి కారణం నాకు తెలుసు.

తర్వాత తండాకు వెళ్లినప్పుడు దాదిని అడిగాను, ఆ రోజు నాకోసం ఏమైనా భోగ్ పెట్టావా అని. పెట్టి ఉంటే బాగుండునని మనసులో ఉంది. ఏదో ఒక కారణం దొరికేది. ఆమె మొత్తం విని, "నేనెక్కడ పెట్టిన? జరమొచ్చి పండుకున్న" అంది. ఆ వెంటనే, "పెట్టినోళ్లకు మనం తిరిగి పెట్టాలె. నెయ్యి తీసుకుని పోదం పా" అంది. నేను వద్దంటే వినే మనిషి కాదు. తమ్ముడు జీపు మాట్లాడాడు.

రేగొండ రైతు నన్ను గుర్తుపట్టి ఇంట్లోంచి నిప్పులు తెచ్చిచ్చాడు. నేను చెలక మూల చూపించగానే ఆయన కాస్త తెల్లబోయాడు. "గా మూల మా తాత దున్నకపోతుండె అమ్మా. లంబాడోళ్ల జాగ అంటుండె. ఎన్కట ఎడ్ల మీద ఉప్పు మోసుకపోయేటోళ్లు గీడనే ఆగుతుండిరట" అన్నాడు.

దాది వంగి చేత్తో పైమట్టి గీకింది. కింద మట్టి నల్లగా ఉంది. ఏ చేనులోనైనా కొయ్యకాళ్లు కాలిస్తే మట్టి నల్లగానే ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పటికీ చెప్పుకుంటాను.

ఆమె రాళ్లు పేర్చి, నిప్పులు పోసి, నెయ్యీ బెల్లం అన్నం వేసింది. పొగ లేచింది. అదే మూల, అదే వాసన. ఆ పొగ గాలి ఎటు వీస్తే అటే వాలింది, అన్ని పొగల్లాగే.

తిరిగొస్తుంటే జీపులో అడిగాను, ఆ రోజు హెలికాప్టర్‌కు పొగ పెడతారని చెబితే నీకు ఆశ్చర్యం ఎందుకు కాలేదని.

"మా తాత చెప్తుండె" అంది. "ఎడ్ల గుంపులు దూరందూరంగా నడుస్తయి. ముందు చేరినోళ్లు ఆగేకాడ పొగ వెడుతరు. ఎనుక వచ్చేటోళ్లు దాన్ని జూసి, ఎటుకెల్లి రావాల్నో అటుకెల్లి వస్తరు."

తర్వాత ఆమె నిద్రపోయింది.

ఇప్పుడు నేనే కెప్టెన్‌ని. నా పక్క సీట్లో కూర్చునేవాళ్లకు తీగల గురించి చెబుతాను, గాలి గురించి చెబుతాను. ఆ రోజు నేను చూసిందేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. మబ్బు తునక అనుకుందామంటే వాసన అడ్డొస్తుంది. భ్రమ అనుకుందామంటే ఆ వాసన కెప్టెన్‌కూ వచ్చింది. దాది పోయి కొన్నేళ్లయింది. కొత్త చోట దిగాల్సి వచ్చినప్పుడల్లా, ముళ్లన్నీ చూసుకున్నాక, చెలక మూలల వైపు ఒకసారి చూస్తాను. ఇప్పటిదాకా మళ్లీ కనిపించలేదు. అంటే దారి బాగానే ఉందనుకుని దిగుతాను.