పత్తిలో ఎర్ర పోగు

మా గల్లీలో బట్టలు కుట్టే షాజాదీ బేగం మనిషి మంచిదే గానీ, మాట మీద నిలబడదు. దసరాకు ఇస్తానన్న జాకెట్టు దీపావళికి ఇస్తుంది. మధ్యలో వెళ్లి అడిగితే, "జర ఓపిక వట్టు, సూది ఇరిగింది" అంటుంది. ఇరవై ఏళ్లుగా ఆ సూది విరుగుతూనే ఉంది. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి, ఆమె గుడ్డ పీలిక కూడా పారేయదు. భైంసాలో సగం మంది ఆడవాళ్ల చీరల ముక్కలు ఆమె మిషను కింద సంచుల్లో ఉంటాయి.

పోయిన కార్తీకంలో పత్తి ఏరే దుర్గవ్వ ఆమె దగ్గరికి చిరిగిన మగ అంగీ ఒకటి తెచ్చింది. ఎండిన కాయ మొనలు చేతులు గీరకుండా మా వైపు ఆడవాళ్లు చీర మీద మొగుడి పాత అంగీ వేసుకుంటారు.

"పొద్దుగాల సలి, పగటాల ఎండ. ఇడిశి గట్టు మీద పెడితే కుక్క గుంజి చింపింది, బీబీ," అంది దుర్గవ్వ.

షాజాదీ నవ్వి ఊరుకోలేదు. మర్నాడు దుకాణం మూసి ఆమె వెంట చేనుకు పోయింది. పచ్చికాయ బిగుసుకుని ఉంది. ఎండిన కాయ తొనలు తొనలుగా విచ్చుకుంది. ఒక కాయ తెంపి తెచ్చి, మిషను మీద పెట్టుకుని వారం రోజులు చూసింది. నా జాకెట్టు సంగతి అప్పుడే అటకెక్కింది.

చివరికి అంగీ తయారైంది. ఆ కాయలాగే అదీ విచ్చుకుంటుంది, ఎండెక్కగానే అంగీ చేతుల అడుగు వైపు గుండీలు తీసి గాలికి విప్పుకోవచ్చు. వీపు మీద రెండు చీలికలు, చలికి నాడాలు బిగిస్తే మూసుకుంటాయి. పొట్ట మీద పెద్ద ఒడి, అడుగున నాడా లాగితే పత్తి కుప్ప మీదికి జారిపోతుంది. అంతా ఆ సంచుల్లోని ముక్కలతోనే. ఏదీ దండగ కాలేదని మురిసిపోయి దుర్గవ్వతో కలిపి పత్తి ఏరే ఆరుగురికి కుట్టింది.

వారం తిరక్కముందే కొండల్ మా గల్లీలోకి వచ్చాడు. దుర్గవ్వ వాళ్లు ఏరేది అతని చేన్లోనే. మార్కెట్ యార్డులో పత్తి కొనేవాడు కుప్పలో చేయి పెట్టి ఒక ఎర్ర పోగు లాగాడట, ఇంకోటి లాగాడట, బండి వెనక్కి తిప్పమన్నాడట. పత్తిలో నైలాను పోగు కలిస్తే నూలంతా పాడవుతుందని ఇక్కడ పిల్లలకు కూడా తెలుసు. షాజాదీకీ తెలుసు. పీలిక పారేయకూడదన్న ధ్యాసలో మరిచిపోయింది.

"గీ అంగీలు నా చేన్ల కనవడద్దు. ఏసుకున్నోళ్లు గూడ రావద్దు," అన్నాడు కొండల్.

అంటే ఆరుగురికీ ఆ సీజను పని పోయినట్టే.

షాజాదీ అప్పుడే దుకాణం మూసింది. కొండల్ ఇంటి ముందు పత్తి పరిచి, ఆ ఆరుగురితో కలిసి మూడు రోజులు పోగులు ఏరింది. నేనూ పోయాను. పోక చస్తానా, ఆ ఎర్రది నా చీరదే! "ఉంచుకో, ఎప్పుడన్నా పనికొస్తది" అని పెద్ద దానకర్ణుడిలా నేనిచ్చిన నైలాను చీర. ఆ ముక్క నాదని ఆమెకు తెలుసు. అయినా ఎవరి ముందూ నా పేరెత్తలేదు. నేనూ నోరు విప్పలేదు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ పత్తి అమ్ముడైపోయాక ఆమె మళ్లీ అంగీలు కుట్టింది. ఈసారి రంగు వేయని నూలు గుడ్డ, నూలు దారం. గుండీలు కూడా గుడ్డతో ముడేసినవే. తెల్లవారగానే ఒకటి పట్టుకుని, నన్నూ దుర్గవ్వనూ తోడు తీసుకుని చేను గట్టుకు పోయింది.

"మల్ల తెస్తివా?" అన్నాడు కొండల్.

"జర సూడు, భయ్యా. సూసినంక తిట్టు."

కొండల్ ఆ అంగీ అంచు నుంచి ఒక పోగు గోటితో లాగి అగ్గిపుల్ల గీశాడు. నైలాను అయితే కరిగి నల్ల ముద్దవుతుంది. ఇది కాగితంలా కాలి బూడిదైంది. ఒడి లోపలి నుంచి ఇంకో పోగు లాగాడు. అదీ బూడిదే. వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"గిది రాలి పత్తిల వడితే?"

"పత్తిల పత్తి వడుతది," అంది షాజాదీ.

కొండల్ అంగీని దుర్గవ్వ చేతిలో పెట్టాడు. "గా మూల సాలు కాంచి షురూ జెయ్యి. కడమ అయిదుగురిని గూడ పిలువు."

మంచు ఇంకా ఆరలేదు. దుర్గవ్వ అంగీ తొడుక్కుని, వీపు నాడాలు బిగించుకుంటూ సాలులోకి దిగింది. అన్ని రోజులూ కంట తడి పెట్టని షాజాదీ అప్పుడు దుపట్టా నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

నా జాకెట్టు ఇంకా రాలేదు. అడిగే ముఖం నాకు లేదు.