వారం వారం పాపం ఒప్పుకున్న మా పెద్దమ్మ

మా పెద్దమ్మ మొన్న మంగళవారం పొద్దున్న పోయింది. సంఘం వాళ్ళు అందరి ఫోన్లకీ "ప్రభువునందు నిద్రించిరి" అని పంపారు. ఆవిడ వింటే నవ్వేది. మంచాన పడేదాకా పగటిపూట కన్ను మూయడం ఆవిడ ఎరగదు. ఎండేసిన చేపల్ని కాకులు ఎత్తుకుపోకుండా కర్ర పట్టుకుని కూర్చోవడంతోనే ఆవిడ పగళ్ళన్నీ గడిచాయి. కళింగపట్నం దగ్గర మా ఊళ్ళో ఆవిడ పేరు తెలియనివాళ్ళు ఉంటారేమో గానీ, ఆవిడ ఎండబెట్టిన నెత్తళ్ళు తినని ఇల్లు లేదు.

నాకు అమ్మ తరవాత అమ్మ. అక్షరం రాదు. అయినా ఆదివారం బైబిలు చంకలో పెట్టుకుని వచ్చేది. పాస్టరు అయ్యగారు వాక్యం చదువుతుంటే పేజీ తెరిచి దానిమీద అరచెయ్యి ఆనించి వినేది. "తలకిందులుగా పట్టుకున్నావు పెద్దమ్మా" అని ఒకసారి నేను వేళాకోళం చేస్తే, "నాను సదవనేనే, అదే నన్ను సదువుతాది" అంది. బళ్ళో టీచర్ని కదా, నాకు ఆ జవాబు నచ్చలేదు. మూతి ముడుచుకున్నాను.

మా గుడిలో ఆరాధన మధ్యలో సాక్ష్యాలు చెప్పే అలవాటు ఉంది. లేచినవాళ్ళంతా ఎప్పుడో ముప్పై ఏళ్ళ కిందటి పాపాలే చెబుతారు. తాగేవాణ్ని, పేకాడేవాణ్ని, ప్రభువు విడిపించాడు, స్తోత్రం. మా పెద్దమ్మ మాత్రం ఆ వారంలో చేసిందే చెప్పేది.

"గురువారం రాజాం సంతలో గంప పైన మంచి నెత్తళ్ళు పరిసి, అడుగున పాసిపోయినవి పెట్టీసినాను. ఒక పిల్ల తల్లి అడిగితే అన్నీ ఒకటేనే అని సెప్పీసినాను. నాకోసం పార్తన సెయ్యండి."

ఎండుచేపలమ్మే వాళ్ళలో అలా పరచనివాళ్ళెవరు? వరసల్లో ఆడవాళ్ళు తలలు దించుకుని కొంగు సర్దుకునేవారు. అయ్యగారు ఇబ్బందిపడి, ఇలాంటి చిన్నచిన్నవి ఇంట్లోనే ఒప్పుకోవచ్చమ్మా అన్నారు. "సిన్నదైతే మరి పెబువు ఊరికినే సచ్చిపోనాడేటి, అయ్యగారూ?" అంది. ఆయన పాటల పుస్తకం తెరిచి తరవాతి పాట ఎత్తుకున్నారు.

తరవాతి గురువారం ఆ పిల్ల తల్లిని సంతంతా వెతికి, మంచి నెత్తళ్ళు దోసిళ్ళతో ఆమె సంచిలో పోసి వచ్చింది. రెండు నెలలు తిరక్కుండా మళ్ళీ లేచి మళ్ళీ అదే పాపం చెప్పింది. గుడి బయట నేను పట్టుకుని, "మళ్ళీనా పెద్దమ్మా! సిగ్గులేదూ?" అన్నాను. "మళ్ళీయేనే. నా అంతట నాను మానీగలిగితే ఆయనెందుకే నాకు?" అని చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

ఇదంతా నాకు చాదస్తంగానే ఉండేది. నేను పాపినని పాటల్లో పాడేదాన్నే గానీ, నా లెక్కలో పాపులంటే వేరేవాళ్ళు. స్త్రీల సమాజానికి కార్యదర్శిని, ఆదివారపు బడి నడిపేదాన్ని, మాట పడని దాన్ని. అలాంటి నేను ఏం చేశానో ఇప్పుడు చెప్పాలి. చెప్పకుండా మా పెద్దమ్మ గురించి రాస్తే అది గంప పైన పరిచిన నెత్తళ్ళే అవుతుంది.

మా సంఘంలో ఎస్తేరు అని ఒకామె ఉండేది. చిన్న వయసులో భర్త పోయాడు. చేపలు ఏరే పనికి వెళ్ళేది. గొంతెత్తి పాడితే గుడంతా నిశ్శబ్దమైపోయేది. ఒకరోజు సాయంత్రం ఆమె నాలుగురోడ్ల దగ్గర ఐసు లారీ దిగిందని, డ్రైవరుతో నవ్వుతూ మాట్లాడిందని పుకారు లేచింది. సంఘం పెద్దలు విచారణకి కూర్చున్నారు. "ఎవరైనా కళ్ళారా చూశారా?" అని అయ్యగారు అడిగారు.

"నేను చూశాను" అన్నాను.

నేను చూడలేదు. ఎవరో చెబితే విన్నాను. నిజమేనని ఎంత నమ్మేశానంటే, అందరూ అలా బెల్లంకొట్టిన రాళ్ళలా కూర్చుంటే నాకు ఒళ్ళు మండింది. ఇంకో సంగతి కూడా ఉంది. ఆ నెలలోనే పాటలు నడిపించే బాధ్యత నా దగ్గర్నుంచి తీసి ఆమెకి ఇద్దామని అనుకుంటున్నారు.

రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభు బల్లకి ఎస్తేరుని దూరం పెట్టారు. నెలకొక ఆదివారం రొట్టె పళ్ళెం వరసలో వచ్చి, ఆమెని దాటి పక్కామెకి వెళ్ళిపోయేది. ఆమె నేలచూపులు చూస్తూ కూర్చునేది. కొన్నాళ్ళు ఓర్చుకుని కొత్తవలసలో అన్న దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ అబద్ధాన్ని రెండేళ్ళు మోశాను. మా ఆయనతో చెబితే, "అందరూ అనుకున్నదేగా, నీ ఒక్కదాని మాట మీద జరిగిందా?" అన్నాడు. ఒక స్నేహితురాలు, "మంచి ఉద్దేశంతోనే అన్నావు కదా" అంది. ఎవరు ఓదార్చినా ఆ రాత్రికి అన్నం సయించేది కాదు. చివరికి ఒక శనివారం ఒడ్డుకి వెళ్ళి, చేపలు తిరగేస్తున్న పెద్దమ్మకి చెప్పేశాను.

"సూడనేదు కదా?" అంది.

"లేదు."

"సూసినానని సెప్పీసినావు."

"చెప్పాను."

"పాపమే సేసినావు."

అంతే. "కానీ" లేదు, "పోనీలే" లేదు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "ఓదారుస్తావని వస్తే ఇదా నువ్వనేది?" అని అరిచాను. "జబ్బే నేదని సెప్పీసినోడు మందేటిస్తాడే?" అంది. ఆ మాటతో రెండేళ్ళ బరువు కొంచెం కదిలింది. నేను చేసినదాన్ని దాని పేరుతో పిలిచిన మొదటి మనిషి ఆవిడే.

ఆ తరవాత ఆవిడ ఇసకలో చతికిలబడింది.

"నువ్వు సూడనేదని నాకు తెలుసే. ఆ సాయంత్రం నువ్వు ఊళ్ళోనే నేవు, బడి టైనింగని సీకాకులం ఎళ్ళినావు. నీ పిల్లకి బువ్వ పెట్టింది నానే. నువ్వబద్దం ఆడతన్నావని పెద్దల ముందర సెప్పాలి. నా సెల్లి కూతురివని నోరు మూసీసుకున్నాను. వారం వారం నెత్తళ్ళ సంగతి సెప్పుకున్నాను గానీ, ఓలమ్మా, ఇది సెప్పుకోనేకపోనాను."

ఊళ్ళో అందరికన్నా నిజాయితీ గల మనిషి ఆవిడే అనుకునేదాన్ని. ఆవిడ కూడా చిన్నవాటిని పైన పరిచి, పెద్దదాన్ని అడుగున దాచింది. రక్షకుడు లేకపోతే మనుషులకి గతి లేదని నాకు అర్థమైంది ప్రసంగం వింటూ కాదు, ఆ ఇసకలో ఆవిడ పక్కన కూలబడినప్పుడు. ఇద్దరం ప్రార్థన చేసుకున్నాం. "నాయనా, మా ఇద్దరికీ నువ్వు తప్ప దిక్కునేదు" అని ఒకటే మాట అంది.

మర్నాడు సాక్ష్యాల వేళ ఇద్దరం లేచాం. నేను సగం చెప్పి కూర్చుండిపోతే మిగిలింది ఆవిడ చెప్పింది. పెద్దలు ఎస్తేరుకి క్షమించమని ఉత్తరం రాశారు. ఉత్తరం చాలదంది పెద్దమ్మ. ఆమదాలవలసలో పాసింజరు ఎక్కి కొత్తవలస వెళ్ళాం.

ఎస్తేరు చాప వేసింది. నేను చెప్పిందంతా గోడకి ఆనుకుని విన్నది. టీ ఇచ్చింది. "టైమవుతాది, రైలు ఎల్లిపోతాది" అంది. గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

తిరుగు రైల్లో నేను గొణిగాను. దేవుడు క్షమించాడు కదా, ఆమెకేం అన్నాను. పెద్దమ్మ నా చెయ్యి గట్టిగా గిల్లింది.

"ఒసే, దేవుడు సెమించినాడని దాని మీద జులుం సెయ్యకు. అడగడం నీ పని. ఇవ్వడం దాని పని. అది ఇచ్చినప్పుడే ఇస్తాది. ఇవ్వకపోయినా నువ్వు దాని తప్పు ఎంచకు."

తరవాత ఏడేళ్ళు ప్రతి క్రిస్మసుకీ ఎస్తేరుకి ఫోను చేశాను. "ఆ" అనేది, పెట్టేసేది. పెద్దమ్మ మంచాన పడ్డాక కూడా నన్ను అడిగేది: "సేసినావా? ఏటన్నాది?" ఏమీ అనలేదంటే, "పోన్లే, ఎత్తినాది కదా" అనేది. పోయిన మంగళవారం నేను మళ్ళీ ఫోను చేసి, పెద్దమ్మ పోయిందని, బుధవారం సమాధి అని చెప్పాను. అప్పుడూ పెట్టేసింది.

బుధవారం సరుగుడు తోట వెనకాల సమాధి చేశాం. ముందురోజు వాన కురిసి మన్నంతా బురదగా ఉంది. పాటయ్యేసరికి ఎస్తేరు జనం వెనక నిలబడి ఉంది, చేతిలో ప్రయాణపు సంచి. జుట్టు నెరిసింది. అందరూ మూడేసి పిడికిళ్ళు మన్ను వేసి కదిలారు. నేనూ వేశాను. బురద చేతులు రెండూ ముందుకి చాపి, వాటిని ఏం చేసుకోవాలో తెలియక నిలబడ్డాను.

ఎస్తేరు నా ఎదటికి వచ్చింది. సంచిలోంచి తాగడానికి తెచ్చుకున్న నీళ్ళ సీసా తీసి మూత తిప్పింది.

"సెయ్యి పట్టు" అంది.

పట్టాను. వేళ్ళ సందుల్లో మన్ను పోయేదాకా, సీసాలో చుక్క మిగలకుండా, తొందర పడకుండా పోస్తూనే ఉంది.