ఆరు కాళ్ల లేతు

ఇవాళ పొద్దున ఎర్రగడ్డ రైతుబజారు నుంచి కూరల సంచితో వస్తూ అమీర్‌పేట మెట్రోలో దిగలేకపోయాను. ఎక్కేవాళ్లు నన్ను లోపలికే నెట్టేశారు. పంజగుట్ట దాకా పోయి వెనక్కి రావాల్సి వచ్చింది, టమాటాలు నలిగిపోయాయి. ఆ తలుపు దగ్గర ఇరుక్కున్నప్పుడు మా వెనక గదిలోని లేతు గుర్తొచ్చి, అంత రద్దీలోనూ నవ్వొచ్చింది.

నేను అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు చెబుతాను. కోర్సు పేర్లు మారాయి గానీ నేను మారలేదు, అదే పాఠం, అదే చోట అదే జోకు. గానుగెద్దు బతుకు. ఆరేళ్ల కిందట ఇక ఊపిరాడక, చెక్కను గుండ్రంగా చెక్కే లేతు ఒకటి సొంతంగా కట్టుకుందామనుకున్నాను. ఓ నెల ఇంట్లో చెయ్యి అలవాటు చేసుకుని, తర్వాత ఎర్రగడ్డలో చూసుకున్న షెడ్డుకు మార్చి, మంచం కోళ్లు చెక్కి అమ్ముకుని బతకాలని నా పథకం. రాజీనామా కాగితం కూడా రాసి పెట్టుకున్నాను. పాతిక వేలు దాటకూడదని మా ఆవిడ షరతు. "దాటితే ఆ మెషిన్ మీదే పడుకోండి" అంది. అందుకని మోటారు పాతది, ఇనుము తుక్కు దుకాణంలోది, బేరింగులు మాత్రం కొత్తవి. బోల్టులైతే విప్పుకోవచ్చని పంజగుట్ట వెల్డింగ్ భాయ్ చెప్పినా, ఖర్చెక్కువని వెల్డింగే చాలన్నాను.

ఊగకుండా ఉంటుందని లేతు అడుగుభాగం వెడల్పు సరిగ్గా గది గుమ్మమంత కాగితం మీద గీశాను. వెడల్పు గుమ్మమంత పెట్టానని చెప్పి, కాళ్లు నాలుగు చాలా అని అడగడానికి భాయ్‌కి ఫోన్ చేశాను. ఆయన ధ్యాస గుమ్మం మీద ఉంది. "దర్వాజా కన్నా నాలుగు సూత్ తక్కువ పెట్టున్రి" అన్నాడట. సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, మా గోదావరి వడ్రంగులు నూలు అంటారు. గ్రైండర్ మోతలో నాకు వినబడింది "నాలుగు సుత తక్కువ" అని. తెలంగాణ మాటలో సుత అంటే 'కూడా' అని నేర్చుకున్నానన్న గర్వం ఒకటి నాకు. నాలుగు కూడా తక్కువేనన్నమాట అనుకుని కాళ్లు ఆరు గీశాను. వెడల్పు ముట్టుకోలేదు.

లిఫ్ట్ ఇరుకు, మెట్లెక్కించడం బరువని భాయ్ మా వెనక గదిలోనే రెండు రోజులు కూర్చుని అతికాడు. లేతు బ్రహ్మాండంగా తిరిగింది. ఇల్లంతా టేకు పొట్టు వాసన. నెల గడిచాక ట్రాలీ ఆటో తెప్పించాం. మోటారు విప్పి, అడ్డంగా తిప్పి, నిలువుగా ఎత్తి చూశాం. గుమ్మం దాటలేదు.

"కాయిదం మీద ఉన్నదే చేసిన సార్. సూత్‌లు తీసేసే రాసిన్రనుకున్న. ఆరు కాళ్లెందుకని అడుగుదామనుకున్న గానీ, చదువుకున్నోళ్లు కదా" అన్నాడు భాయ్. తర్వాత నా మొహం చూసి, "ఫికర్ చేయకున్రి, కోసి మళ్లీ అతుకుత. గంట పని" అన్నాడు.

వచ్చే వారం రమ్మన్నాను. ఇప్పుడు చెప్పడానికి సిగ్గేస్తుంది గానీ, ఆ గుమ్మం దగ్గర నాకు కలిగింది బాధ కాదు, ఊరట. మర్నాడు ఉదయం బ్యాచికి ఎప్పటిలా వెళ్లాను, ఆ పాత జోకే వేశాను. ఇప్పుడు లేతు మీద మా ఆవిడ తువ్వాళ్లు ఆరేస్తుంది. భాయ్ ఎప్పుడు ఎదురైనా "రావాల్నా సార్?" అంటాడు, నేను వచ్చే వారం అంటాను. గంట పని అది, ఆరేళ్లుగా నాకు ఆ గంట దొరకలేదు.