లిస్టులో లేని ఆటగాడు

తొమ్మిదేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోయలేక చచ్చిపోతున్నానని అనను. వేళకు తిన్నాను, పడుకున్నాను, బిడ్డ పెళ్ళి చేశాను. కానీ నన్ను ఎవరైనా మంచి మనిషి అన్నప్పుడల్లా లోపల ముల్లు కదులుతుంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పుడు నేను మిర్యాలగూడలో ఒక కబడ్డీ క్లబ్బుకు సెక్రటరీని. కోదాడ టోర్నమెంటులో ఫైనల్‌కు వచ్చాం. ఫైనల్ అంటే బయటి ఆటగాణ్ణి తెచ్చుకోవడం మా దగ్గర మామూలే. లిస్టులో మనవాడి పేరు ఉంటుంది, మైదానంలో దిగేది వేరేవాడు. అన్ని జట్లూ చేసేదే గనుక ఎవరూ అడగరు. మేము దామరచర్లలో పవర్ ప్లాంటు పనికి వచ్చిన ఒక యువకుణ్ణి తెచ్చాం. వాడిది ఉడుంపట్టు. లిస్టులో మాత్రం బట్టల కొట్టు నడుపుకునే మా నరేష్ పేరు ఉంది. రాసింది నేనే.

అవతలి జట్టులో సైదులు. మఠంపల్లి వైపు మనిషి, గొర్రెల కాపరి. కూతకొస్తే ఉత్త చేతులతో పోయేవాడు కాదు. సగం ఆటకే మేము బాగా వెనకబడ్డాం. నాకు ఒళ్ళు మండిపోయింది. విరామంలో మేము తెచ్చుకున్న ఆ యువకుణ్ణి పక్కకు పిలిచి, సైదులు మోకాలు పట్టుకొమ్మన్నాను. విజిల్ పడ్డా వదలొద్దన్నాను. వాడు మళ్ళీ కూతకు రాకూడదన్నాను. నా వంక ఒకసారి చూసి, సరే సార్ అన్నాడు.

సైదులు కూతకొచ్చి వాడి చేతికి దొరికాడు. విజిల్ పడింది. వాడు వదల్లేదు. ఎముక చప్పుడు గీత బయట కూర్చున్న నాకు వినబడింది. ఆ ఫైనల్ మేమే గెలిచాం.

రెండు ఆపరేషన్లయినా సైదులు కాలు సరిగా వంగలేదు. మంద వెంట నడవలేక గొర్రెలన్నీ అమ్మేశాడు. సూర్యాపేట కోర్టులో మా క్లబ్బు మీద నష్టపరిహారానికి దావా వేశాడు. మా వకీలు నన్ను సూటిగా అడిగాడు. వాడు మీ ఆటగాడైతే, మీ కోసం ఆడుతూ చేసినదానికి క్లబ్బు జవాబు చెప్పాల్సి వస్తుంది, మీలో ఎవరైనా చేయమని ఉంటే ఇక తప్పించుకునే దారే లేదన్నాడు. లేదు సార్, ఎవడో మధ్యలో మా జెర్సీ వేసుకుని దిగాడు, మేము గమనించలేదు అన్నాను. దొంగ లిస్టే నాకు అక్కరకొచ్చింది. టోర్నమెంటు పెట్టినవాళ్ళు నోరు మెదపలేదు, మెదిపితే వాళ్ళ బండారమూ బయటపడుతుంది. ఆ ఆటగాడు అప్పటికే పని వదిలి ఎటో వెళ్ళిపోయాడు.

నేను సాక్ష్యం చెప్పే రోజు సైదులు కోర్టు వరండాలో బెంచీ మీద కాలు చాపుకుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయాడు. వద్దని ఆపాను.

“అన్నా, ఆడు మీ ప్లేయరే అని ఒక్క మాట చెప్పు. సాలు,” అన్నాడు.

“లిస్టుల పేరు లేనోణ్ణి మావోడని ఎట్ల చెప్పాలె సైదులూ?”

“ఆనికి కోపమొచ్చి ఇరగ్గొట్టిండు. అండ్ల నీ తప్పేముందన్నా? నీ మీద నాకేం లేదు. నువ్వు సూసింది చెప్పు.”

తల ఊపాను. లోపలికి వెళ్ళి, ఆ మనిషెవరో నాకు తెలియదని చెప్పాను. దావా కొట్టేశారు.

ఎందుకు చేశాను? క్లబ్బు మూతపడుతుందనా? చాలాకాలం నాకు నేను అదే చెప్పుకున్నాను. అది రెండేళ్ళకే తనంతట తాను మూతపడింది. అసలు సంగతేమిటంటే, వాడు మావాడేనని ఒప్పుకుంటే వాణ్ణి వెతికి పట్టుకొస్తారు, వస్తే విరామంలో నేనన్న మాట బయటపెడతాడు, నలుగురిలో నా పరువు పోతుంది. ఇంతే. ఇంత చిన్న భయానికి ఒక మనిషి బతుకుతెరువు తీసేశాను.

సైదులు ఇప్పుడు ఒక గోదాము గేటు దగ్గర కాపలా ఉంటాడు. కనబడితే తనే ముందు పలకరిస్తాడు. ఆ ఆటగాణ్ణి ఇప్పటికీ తిడతాడు, వాడి చేతులు పడిపోవాలని. నేను వింటూ నిలబడతాను. ఒకటి రెండుసార్లు అవునవును అని కూడా అన్నాను, సిగ్గులేకుండా.

ఆ మాటేదో వెళ్ళి అతనికే చెప్పొచ్చు కదా అంటారు. మూడుసార్లు బయల్దేరి గేటు దాకా పోయి తిరిగొచ్చాను. ఇది చదివి ఎవరైనా చెబితే చెప్పనీ. క్షమించమని అడిగే ముఖం నాకు లేదు. రాసేశాక మాత్రం ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది.

సైదులూ, ఆ రోజు ఆ ఆటగాడికి కోపం రానేలేదు. కోపమొచ్చింది నాకు.