గుడారం కిరాయిలో రెండు వాటాలు

కిందటి వానాకాలం, పరాయి రాష్ట్రంలో నేను పనిచేసే పల్సానా మిల్లులో సెలవు దొరికితే, భార్యాపిల్లలతో అడవికి వెళ్లి ఒక గుడారం కిరాయికి తీసుకున్నాను. ఆ కిరాయిలో సగం అటవీశాఖకు, సగం ఊరి పంచాయతీకి పోతుంది. సాయంత్రం వానకు గుడారం కారింది. బాగుచేయాల్సింది పంచాయతీయే అన్నాడు అక్కడి అటవీశాఖ గార్డు. కాదు, అటవీశాఖే అన్నాడు పంచాయతీ మనిషి. మేము తడుస్తుంటే వాళ్లు హిందీలో వాదించుకుంటున్నారు.

నా భార్య విసిగిపోయి, “ఏందిది? పైసలు ఇద్దరు పంచుకుంటరు గని, చిరుగు ఎవ్వలది కాదా? జర గిది వాళ్లకు చెప్పు” అంది నాతో.

హిందీలో చెప్పాను. గార్డు సిగ్గుపడి నవ్వాడు. పంచాయతీ మనిషి ఇంటికెళ్లి టార్పాలిన్ తెచ్చాడు. ఇద్దరూ కలిసి దాన్ని గుడారం మీద కప్పి తాళ్లతో బిగించారు. మేము తెచ్చుకున్న సర్వపిండి రొట్టెలు వాళ్లకూ పెట్టింది నా భార్య. తెల్లవార్లూ వాన కురిసినా పిల్లలు కదలకుండా పడుకున్నారు.