చెరిగిన గింజల లెక్క

మగ్గం మీద పోగులు లెక్కపెడుతూ లెక్క నేర్చుకున్నవాణ్ణి నేను. బడికి పోలేదు. అయినా దేవరకొండ పక్కనున్న మా పల్లెలో కొలతల తగాదా ఏదొచ్చినా నన్నే పిలిచేవాళ్లు. ఆ గౌరవం నాకు అలవాటైపోయింది.

అరవైల్లో, వానలు తప్పిన ఒక ఏడు, పల్లెంతా కంట్రోల్ దుకాణంలో ఇచ్చే రేషన్ జొన్నల మీదే బతికింది. మొదటి నెల బాగానే వచ్చాయి. తర్వాత రాళ్లూ, బూజు పట్టిన గింజలూ రావడం మొదలైంది. పిల్లలకు కడుపునొప్పి, విరేచనాలు. మా చిన్నదీ మంచం పట్టింది. దుకాణదారుని అడిగితే, "సర్కారు పంపిందే ఇస్తున్న" అన్నాడు. తాలూకా కచేరీకి పోతే, "రుజువేది?" అన్నారు.

రుజువు నేను తెస్తానన్నాను. నెలనెలా దుకాణం నుంచి జొన్నలు రాగానే అందులో ఒక మానెడు ఇమ్మని నా భార్యను అడిగేవాణ్ణి. తెల్లగుడ్డ మీద పోసి, రాళ్లు ఏరి, ఎన్ని వచ్చాయో పుస్తకంలో రాసేవాణ్ణి. పద్నాలుగు, పదకొండు, పదహారు, పన్నెండు, పదిహేను, పది. ఆరు నెలల అంకెలతో దరఖాస్తు పెడితే, చివరికి ఒక అధికారి విచారణకు వచ్చాడు.

దుకాణం ముందు మంచం వేసి ఆయన్ను కూర్చోబెట్టారు. ఊరంతా చుట్టూ చేరింది. నేను గొంతు సవరించుకుని, నెలవారీగా చదివి, "సరాసరి మానెడుకు పదమూడు రాళ్లు" అని ముగించాను.

దుకాణదారు నవ్వాడు. "పదమూడు రాళ్లకే గింత లొల్లా సార్? మా ఇంటి జొన్నల్ల ఇంకా ఎక్కువే ఉంటయి. నేను జెప్పింది గాదు, గీయన రాసిందే!"

అధికారి కూడా నవ్వి, కలం మూత పెట్టబోయాడు. అప్పుడు మా పక్కింటామె ముందుకొచ్చింది. కూలికి పోయే మనిషి, అక్షరం ముక్క రాదు. చంకలో ఒక కుండ.

"మరి గిదేంది సారూ?" అంటూ మంచం ముందు గుడ్డ పరిచి కుండను బోర్లించింది. రాళ్లు, మట్టిబెడ్డలు, నల్లబడ్డ గింజలు కుప్పగా పడ్డాయి. "ఆర్నెల్లది. చెరిగినప్పుడల్లా వచ్చింది పారెయ్యలె. పారేస్తే మీకేం జూపియ్యాలె?"

నా పక్కన నిలబడ్డవాళ్లంతా ఆ కుప్ప చుట్టూ చేరారు. మా రెండిళ్లకు మధ్య ఒక్కటే గోడ. ఆరు నెలల్లో ఒక్కసారైనా ఆమె నాతో ఈ కుండ సంగతి అనలేదు. గీతలు గీసి, అంకెలు వేసి నేను చేయలేనిది, ఊరికే పారెయ్యకుండా ఉండి ఆమె చేసింది. ఆ ఆలోచన నాకు రావలసింది. పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నాను.

"వాకిలి ఊడ్సి నింపుకొచ్చింది సార్!" అని దుకాణదారు అరిచాడు.

అధికారి నావైపు తిరిగాడు. "నువ్వు లెక్క తెలిసినవాడివి. ఇది కంట్రోల్ జొన్నల్లోదేనా?"

కళ్లతోనే లెక్క కట్టాను. వాళ్లింట్లో ఇద్దరే. మానెడుకు పదమూడే అయితే ఆరు నెలల్లో ఆ కుండ అడుగైనా నిండదు. ఆమె కుండ అబద్ధమన్నా కావాలి, నా పుస్తకమన్నా తప్పు కావాలి. నల్లబడ్డ గింజలు నేను మా రొట్టెల్లోనూ చూశాను. అయినా నా నోటినుంచి వచ్చిన మాట ఇది: "చెప్పలేను సార్."

ఆమె నన్ను చూసింది. "ఏందన్నా, గట్లంటవు?" అంది, అంతే.

ఆడవాళ్లలోంచి నా భార్య గొంతు లేచింది. "ఆయనెట్ల జెప్తడు సారూ? ఆయనకిచ్చిన మానెడు నేను చెరిగి, చాటల నేమి, దొరికినకాడికి రాళ్లు దీసి ఇచ్చిన. చెరగని గింజలు ఇంట్లోళ్లకు ఎట్లిస్తం?"

ఊరంతా గొల్లున నవ్వింది. ఆరు నెలలుగా నేను లెక్కపెట్టింది ఆమె ముందే శుభ్రం చేసిన జొన్నల్లో మిగిలిన రాళ్లు. చాట చప్పుడు రోజూ వింటూనే, ఒక్కసారి కూడా అడగలేదు.

"నా పుస్తకం తప్పు సార్," అన్నాను. "సంచి అడుగునుంచి ఒక మానెడు తీయించండి."

తీయించారు. పక్కింటామె అందరి ముందూ చెరిగి, నేమింది. నేను లెక్కపెట్టాను. తొంభై నాలుగు రాళ్లు. బూజు గింజలు వేరుగా ఒక పిడికెడు. అధికారి సంచులకు సీలు వేయించి, కాగితం రాయించాడు. దాని మీద మొదట ఆమె వేలిముద్ర పడింది. సాక్షిగా కింద నా సంతకం. నేర్చుకున్న సంతకం కన్నా ఆ వేలిముద్ర ఎక్కువైంది ఆ రోజు.

మరుసటి నెల దుకాణం వేరేవాళ్ల చేతికి వచ్చింది. కొత్త సంచి విప్పగానే అందరూ ఆమెనే పిలిచారు. "అక్కా, జర చూడు, ఎట్లున్నయి?"

ఆమె దోసిట్లోకి తీసుకుని, చూసి, మళ్లీ సంచిలో పోసింది. "బాగున్నయి. తీస్కపోండ్రి."

వరుసలో నా ముందు పదహారు మంది. జొన్నలు నిజంగానే బాగున్నాయి. మా చిన్నది ఆ వారమే లేచి తిరిగింది. అయినా ఆ పదహారు మందిలో ఒక్కరూ వెనక్కి తిరిగి నన్ను అడగలేదు.