సున్నా దగ్గర బొట్టు

ఉప్పుగూడలో మా ఇంట్లో నేనేం చదువుతున్నానో ఎవరికీ అర్థమయ్యేలా చెప్పలేకపోయాను. పరమాణువులో లోపలి ఎలక్ట్రాన్ ఒకటి ఎగిరిపోతే, పైనున్నది ఆ ఖాళీలోకి దిగుతుంది. మిగిలిన శక్తి ఇంకో ఎలక్ట్రాన్‌ని బయటికి తోసేస్తుంది. దాన్ని ఆగర్ ఎలక్ట్రాన్ అంటారు. అది అన్ని వైపులకూ సమానంగా పోతుందా, కొన్ని వైపులకే ఎక్కువగా పోతుందా అన్నదే నా పీహెచ్‌డీ. దానివల్ల ఏమొస్తుందే అని అమ్మ అడిగేది.

సైదాబాద్ అవతల మా కాలేజీలో ఒకే ఒక్క పాత యంత్రం. గుండ్రటి స్టీలు డబ్బా, చుట్టూ డిగ్రీలు చెక్కిన రింగు, ఆ రింగుకు బిగించిన డిటెక్టర్. డబ్బా మీది సున్నా గుర్తుకు ఎదురుగా ఏ డిగ్రీ వస్తే అదే కోణం. సిగ్నల్ ఎంత బలహీనమంటే ఒక్కో కోణానికి వారం పట్టేది. సోమవారం తిప్పి బిగిస్తే శనివారం దాకా రింగును ముట్టుకోవడానికి లేదు. అదీ యంత్రం నడిచినప్పుడు. నెలలో మూడు వారాలు రిపేరే.

డబ్బా మీద, రింగు పక్కనే, ఒక ఎర్రచుక్క ఉండేది. బోల్టు బిగించాక ఆనవాలుగా పెట్టే పెయింటు అనుకున్నాను. అదే సున్నా గుర్తనీ అనుకున్నాను. సోమవారం దాని ఎదురుగా డిగ్రీ పెట్టి బిగించడమే, మళ్లీ సోమవారం దాకా అటు చూసేదాన్ని కాదు. మా సారు రిటైరై వెళ్లిపోయారు. ఆ యంత్రం సంగతి ఇంకా తెలిసినవాడు మా ల్యాబ్ మెకానిక్ అన్న ఒక్కడే. ఇంత చిన్న విషయం ఆయన్ని అడిగితే నా చదువు పరువేం కావాలి? అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. నా పొగరు నన్ను అడగనివ్వలేదు.

నాలుగేళ్లకు గ్రాఫులో ఒక వంపు వచ్చింది. ఒక వైపు కొంచెం ఎక్కువ, ఒక వైపు కొంచెం తక్కువ. ఆ కొంచెం కోసమే నేను అన్నేళ్లూ బతికాను. థీసిస్ పంపాను. పరీక్షకుడు ఒక్కటే అడిగారు, సున్నా గుర్తు ఫొటో కావాలని. నా గడువు ఆ నెలాఖరుతో సరి. రెండుసార్లు పొడిగించారు, మూడోసారి కుదరదని ముందే చెప్పేశారు.

ఫోను పట్టుకుని శుక్రవారం ల్యాబ్‌కి వెళ్లాను. మెకానిక్ అన్న ఆ ఎర్రచుక్కను గుడ్డతో తుడుస్తున్నాడు. నేను నోరు తెరిచేలోపే వేలితో కొత్తది పెట్టాడు, పాతదానికి అంగుళం పక్కగా. గుర్తెందుకు తుడిచారన్నాను.

"గుర్తేంది మేడమ్? బొట్టు గది. శుక్రవారం శుక్రవారం పెడ్త. పొడి రాలొద్దని కుంకుమ గ్రీజుల కలిపిన."

"ఎప్పట్నుంచి?"

"మీరొచ్చినప్పటి సంది. మీ పని మంచిగ కావాలె అని."

అసలు గుర్తు ఆయనే చూపించాడు. రింగు కింద, వంగితే తప్ప కనపడని సన్నటి గీత. మా ఇంట్లో పసుపు రాయకుండా ఏ వస్తువుకీ బొట్టు పెట్టరు, అందుకే నాకు తట్టలేదు అని సర్దిచెప్పుకోబోయాను. ఛీ, తెలుగింట్లో పుట్టి బొట్టును పెయింటు అనుకున్న మనిషిని, ఇంకేం సర్దిచెప్పుకుంటాను? వారానికో బొట్టు, వారానికో సున్నా. ఏ వారం ఎక్కడుందో ఎవరు రాసిపెట్టారు? నా వంపు ఎలక్ట్రాన్లది కాదు, అన్న వేలు ఎటు పడితే అటు వచ్చింది. మళ్లీ కొలవాలంటే ఇంకో నాలుగేళ్లు. నాకున్నది పదకొండు రోజులు. ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను.

ఉన్నదున్నట్టు రాసి థీసిస్ వెనక్కి తీసుకున్నాను. అన్నకు మాత్రం చెప్పలేదు.

ల్యాబ్ తాళంచెవి ఇచ్చేయడానికి వెళ్లిన రోజు కూడా శుక్రవారమే.

"పని అయిపాయెనా మేడమ్?"

"అయిపోయింది అన్నా."

ఆయన మొహం వెలిగిపోయింది. గ్రీజు వేలితో యంత్రానికి ఇంకో బొట్టు పెట్టి, "నేను మొక్కింది ఊకె పోలే" అన్నాడు.